ముద్ద కలిపే చెయ్యి

కంచంలో వేడి అన్నం, దాని మీద ముద్దపప్పు, ఓ చుక్క నెయ్యి. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోవడం ఎన్ని పనులు? ఒకటే కదా అంటాం. ఆక్యుపేషనల్ థెరపీ చదివే విద్యార్థి దీనికి జవాబు రాయడం మొదలుపెడితే రెండు పేజీలు నిండుతాయి.

ముందు నడుం నిలవాలి. పీట మీదైనా కుర్చీలోనైనా పక్కకు ఒరిగిపోకుండా కూర్చుంటేనే చెయ్యి తన పని తాను చేసుకోగలదు. భుజం కాస్త ముందుకు రావాలి, మోచెయ్యి చాచుకోవాలి, అరచెయ్యి బోర్లా తిరిగి కంచంలోకి దిగాలి. అన్నం కాలుతోందా లేదా అన్నది వేలికొసలు చెప్పాలి. మెతుకులు చిదిగేంత బలం కావాలి, గుజ్జు అయిపోయేంత బలం ఉండకూడదు. నాలుగు వేళ్లూ దొప్పలా ముడుచుకోవాలి. ముద్ద జారిపోకుండా చెయ్యి పైకి లేస్తూ, దారిలోనే అరచెయ్యి నోటి వైపు తిరగాలి. సరిగ్గా ఆ క్షణానికి నోరు తెరుచుకోవాలి. చివరికి బొటనవేలు ముద్దను లోపలికి నెట్టాలి. ఈ వరసలో ఏ ఒక్కటి తెగినా అన్నం చొక్కా మీద పడుతుంది.

ఇప్పుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన ఓ యాభై ఎనిమిదేళ్ల రైతును తలుచుకుందాం. విదేశీ పుస్తకం తెరిస్తే, చెంచా పట్టుకోవడం ఎడమ చేతికి నేర్పమంటుంది. మన రైతు ఒప్పుకోడు. ఎడమ చేత్తో అన్నం తినడమా అంటాడు. భార్య తినిపిస్తానంటే నాలుగు రోజులు ఊరుకుంటాడు, అయిదో రోజు ఆకలి లేదంటాడు. అతనికి ఆకలి లేక కాదు, పరాయి చేతి ముద్ద సహించక. ఆ సంగతి కనిపెట్టి, కుడి చేతిలోనే చెంచా నిలిచేలా దాని కాడకు మెత్తటి గుడ్డ చుట్టి లావు చేసి, మోచేతి కింద ఎత్తు పెట్టి, మొదటి ముద్ద అతని చేత్తోనే తినిపించగలిగితే అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ జరిగినట్టు.

ఒక మామూలు పనిని ఇలా పోగు పోగుగా విడదీసి, ఎక్కడ తెగిందో పట్టుకుని, అక్కడ ముడి వేయడమే ఈ విద్య. డిగ్రీలో దీనికి ఓనమాలు దిద్దిస్తారు. పీజీకి వచ్చాక, ఆ ముడి నిలిచిందని రుజువేమిటని అడుగుతారు.

పేరుతో వచ్చిన చిక్కు

ఈ చదువు పేరు తెలుగు నోటికి తేలిగ్గా పట్టదు. కొన్నిచోట్ల వృత్తి చికిత్స అని అనువదించారు గానీ దాంతో అర్థం పక్కదారి పట్టింది. ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం కాదు. పొద్దున పళ్లు తోముకోవడం నుంచి రాత్రి దోమతెర కట్టుకోవడం దాకా మనిషి తన రోజును నింపుకునే ప్రతి పనీ అందులోకి వస్తుంది. పిల్లలకైతే ఆటే ఆక్యుపేషన్. తెలుగులో దీనికి ఎప్పటినుంచో మంచి మాట ఉంది, పనీపాటా అని. పనితో పాటు పాటను కూడా కలుపుకున్న ఆ జంట పదం కంటే దగ్గరి అనువాదం దొరకడం కష్టం.

ఆస్పత్రుల్లో ఇంకో తికమక. అక్కడ ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. అమ్మాయి ఓటీ చదువుతోందని తల్లిదండ్రులు చెబితే, ఆపరేషన్లలో సాయం చేసే టెక్నీషియన్ కోర్సనుకుని బంధువులు తలూపుతారు. ఫిజియోథెరపీతో కలిపేసేవారైతే లెక్కలేనంతమంది. రెండూ ఇరుగుపొరుగు విద్యలే, చాలా రోగులకు రెండూ కావాలి. కండరం బలం, కీలు కదలిక, నడక, నొప్పి ఫిజియోథెరపిస్టు ప్రధానంగా చూసే సంగతులు. ఆ కదలిక తిరిగొచ్చాక చెయ్యి జడ అల్లుతుందా, చొక్కా బొత్తాం పెట్టుకుంటుందా, బస్సులో కమ్మీ పట్టుకుంటుందా అన్నది ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. కదలిక తిరిగి రాని చోటా వీరి పని ఆగదు. ఒంటి చేత్తో బొత్తాలు పెట్టుకునే పద్ధతి నేర్పుతారు, లేకపోతే బొత్తాల బదులు వెల్‌క్రో కుట్టిస్తారు. శరీరాన్ని మార్చలేనప్పుడు పనిని మారుస్తారు, పని మారకపోతే ఇంటిని మారుస్తారు. మానసిక అనారోగ్యంతో నెలల తరబడి మంచం దిగని మనిషికి రోజువారీ క్రమాన్ని తిరిగి అల్లిపెట్టడం కూడా వీరి పనే. నిజానికి ఈ విద్య పుట్టింది అలాంటి చోటే.

క్లిఫ్టన్ స్ప్రింగ్స్ నుంచి పరేల్ దాకా

1917 మార్చిలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లోని ఒక ఇంట్లో కొద్దిమంది సమావేశమయ్యారు. ఆ ఇంటి పేరు కన్సొలేషన్ హౌస్. యజమాని జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ డాక్టరు కాదు, ఆర్కిటెక్టు. క్షయతో ఏళ్ల తరబడి బాధపడ్డాడు, పాదానికి శస్త్రచికిత్స అయింది, ఎడమ పక్క చచ్చుబడింది. వడ్రంగం, తోటపని చేసుకుంటూ తనను తాను కోలుకునేలా చేసుకున్నాడు. తనకు మేలు చేసినది ఇతరులకూ మేలు చేస్తుందన్నది అతని నమ్మకం. మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, సామాజిక సేవా రంగం నుంచి వచ్చిన ఎలినార్ క్లార్క్ స్లాగిల్, చేతిపనులు నేర్పే సూసన్ కాక్స్ జాన్సన్, కెనడాలో గాయపడిన సైనికుల పునరావాసం చూసే థామస్ కిడ్నర్, బార్టన్ కార్యదర్శి ఇసబెల్ న్యూటన్ అతనితో కలిసి ఆ ఇంట్లో ఈ విద్య కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. మరుసటి నెలలోనే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు తిరిగొచ్చే కొద్దీ ఈ కొత్త విద్యకు చేతినిండా పని దొరికింది.

భారతదేశానికి దీన్ని తెచ్చినామె కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలో 1900లో పుట్టిన ఎలిజబెత్ లండీ, విష్ణు నింబ్కర్‌ను పెళ్లాడి కమలా నింబ్కర్‌గా ఇక్కడికి వచ్చింది. నలభై దాటిన వయసులో మళ్లీ విద్యార్థినిగా మారి ఫిలడెల్ఫియాలో ఆక్యుపేషనల్ థెరపీ చదివింది. తిరిగొచ్చి 1950లో బొంబాయి పరేల్‌లోని కేఈఎం ఆస్పత్రిలో స్కూలు తెరిచింది. ఆసియా మొత్తంలో ఈ విద్య నేర్పిన మొదటి బడి అదే. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడు ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో ఇండియా ఒకటి. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లే అయిన దేశం అమెరికా, బ్రిటన్, కెనడాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ విద్య మనకు నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి చరిత్ర వెల్లూరులో ఉంది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధితో వంకర్లు తిరిగిన చేతులకు శస్త్రచికిత్సలు చేసి వేళ్లు తెరుచుకునేలా చేశాడు. తెరుచుకున్న చేతికి పని లేకపోతే ప్రయోజనం లేదని గ్రహించి, రోగులు చేతిపనులు నేర్చుకునే ఏర్పాటు చేశాడు. స్పర్శ లేని వేళ్లు కాలినా తెగినా తెలియవు, అందుకని పనిముట్ల పిడులు మార్చాల్సి వచ్చింది. అదే ఆస్పత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైంది. కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివొచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. చిత్తూరు సరిహద్దు అక్కడికి కూతవేటు దూరం. ఆ ఆస్పత్రి వరండాల్లో ఈరోజుకీ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

రెండు తలుపులు

పీజీ అనగానే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇండియాలో దీనికి ఒక తలుపు, విదేశాల్లో ఇంకో తలుపు.

ఇక్కడ ఇంటర్ బైపీసీ తర్వాత బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చదవాలి. చాలాకాలం అది ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల చదువుగా నడిచింది. ఆ తర్వాతే పీజీ, అంటే ఎంఓటీ, అది రెండేళ్లు. బీఎస్సీ జువాలజీ చేసినవాళ్లకూ, సైకాలజీ చదివినవాళ్లకూ మన ఎంఓటీలో చోటు లేదు. ఈ సంగతి తెలియక డిగ్రీ అయ్యాక కళ్లు తెరిచేవాళ్లున్నారు. అందుకే పీజీ గురించిన ఆలోచన ఇంటర్ రెండో ఏడాదిలోనే మొదలవ్వాలి. నీట్‌లో సీటు రాకపోతే ఆకాశం విరిగి పడ్డట్టు కుంగిపోయే ఇళ్లలో ఈ దారి పేరైనా వినబడకపోవడం బాధాకరం.

ఒడిశాలోని కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కావడం, మనకు దగ్గర కావడం దాని అనుకూలతలు. డిగ్రీ, పీజీ రెండూ అక్కడున్నాయి. ముంబైలో కేఈఎంతో పాటు ఇతర మునిసిపల్ ఆస్పత్రుల కాలేజీలు, ఢిల్లీలో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ, ఇంకా వెల్లూరు, మణిపాల్, చెన్నై ఈ విద్యకు పేరున్న చోట్లు. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఈ చదువు కోసం ఎక్కువగా పొరుగు రాష్ట్రాల రైలెక్కుతున్నారు.

విదేశాల్లో లెక్క వేరు. బ్రిటన్‌లో వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లు కూడా రెండేళ్ల ఎంఎస్సీ చదివి నేరుగా ఆక్యుపేషనల్ థెరపిస్టు కావచ్చు. లండన్‌లోని బ్రూనెల్ వంటి విశ్వవిద్యాలయాలు ఇలాంటి కోర్సులు నడిపాయి. సైకాలజీ, బయాలజీ వంటి డిగ్రీలతో పాటు వికలాంగులతోనో వృద్ధులతోనో పని చేసిన అనుభవాన్ని కూడా చూస్తారు. ప్రపంచ సమాఖ్య నియమం ప్రకారం చదువు పూర్తయ్యేలోగా కనీసం 1,000 గంటలు రోగుల మధ్య గడపాలి. ఆ తర్వాత ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదైతేనే పేరు ముందు ఆ హోదా పెట్టుకోగలరు. అక్కడ అది చట్టరక్షణ ఉన్న హోదా.

అమెరికాలో 2007 నుంచి ఈ వృత్తిలోకి రావడానికి కేవలం డిగ్రీ సరిపోదు, కనీసం మాస్టర్స్ ఉండాలి. 2027 నాటికి డాక్టరేట్ తప్పనిసరి చేస్తామని గుర్తింపు సంస్థ 2017లో ప్రకటించింది. అప్పుల భారం పెరుగుతుంది, పేద కుటుంబాల పిల్లలు దూరమవుతారు అంటూ గొడవ లేచింది. 2019లో ఆ నిర్ణయం వెనక్కి వెళ్లి, మాస్టర్స్, డాక్టరేట్ రెండూ చెల్లుతాయని తేలింది. ఏ దారిలో వెళ్లినా చివర్లో కనీసం 24 వారాలు పూర్తికాలం క్లినికల్ శిక్షణ, తర్వాత జాతీయ బోర్డు పరీక్ష, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు తప్పవు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ఇక్కడ ఇంజనీరింగో బీఎస్సీనో చదివి వెళ్లిన ఆడపిల్లలకు ఇది పనికొచ్చే సంగతి. శరీర నిర్మాణ శాస్త్రం, సైకాలజీ, గణాంకాల వంటి కొన్ని సబ్జెక్టులు ముందుగా పూర్తి చేసుకుంటే, ఏ డిగ్రీ చేసినవారైనా ఆ మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023లో ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక జీతం 96,370 డాలర్లు.

డబ్బు సంగతి అంతటితో ఆపి చదువులోకి వెళదాం.

వేడినీళ్ల పళ్లెం

ఎంఓటీలో ఎవరికి వారు ఒక శాఖ ఎంచుకుంటారు. మెదడు, నరాల జబ్బులు ఒకటి. ఎముకలు, చేతి గాయాలు ఒకటి. పిల్లల ఎదుగుదల లోపాలు, మానసిక ఆరోగ్యం, సమాజ ఆధారిత పునరావాసం, ఇలా ఇంకొన్ని. పరిశోధన పద్ధతులు, గణాంకాలు అందరికీ ఉమ్మడి. పొద్దున వార్డు, మధ్యాహ్నం ఔట్ పేషెంట్లు, సాయంత్రం సెమినార్లు, రాత్రి థీసిస్.

చేతి గాయాల విభాగంలో ఒక పూట నిలబడి చూస్తే ఈ చదువు రుచి తెలుస్తుంది. పొయ్యి మీద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు కాగుతుంటాయి. మరిగేంత వేడి అక్కర్లేదు, దాదాపు 70 డిగ్రీలు చాలు. ఎదురుగా స్టవ్ పేలిన ప్రమాదంలో చెయ్యి కాలిన మనిషి. కాలిన చర్మం మానుతూ మానుతూ ముడుచుకుపోతుంది. ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే వేళ్లు పక్షి గోళ్లలా వంకర తిరిగి అలాగే గట్టిపడతాయి. దాన్ని ఆపడానికి చేతికి అచ్చు, అంటే స్ప్లింట్, కట్టాలి.

విద్యార్థిని ముందు కాగితం మీద ఆ చేతి ఆకారం గీస్తుంది. పొడవు ముంజేతిలో మూడింట రెండు వంతులు రావాలి. అంతకంటే తక్కువైతే బరువు మణికట్టు దగ్గరే పడి గుచ్చుకుంటుంది. ఆ కొలతకు ప్లాస్టిక్ రేకు కత్తిరించి నీళ్లలో వేస్తుంది. నిమిషంలో అది తడి అప్పడంలా మెత్తబడుతుంది. తీసి, తువ్వాలుతో అద్ది, ముందు తన ముంజేతి మీద పెట్టి వేడి చూసుకుంటుంది. ఆ తర్వాతే రోగి చేతి మీదికి. ఇక చేతిలో ఉన్నది మూడు నాలుగు నిమిషాలే. మణికట్టు కాస్త వెనక్కి, అరచేతిని కలిసే కణుపుల దగ్గర వేళ్లు బాగా వంగి, ఆ పై కణుపులు మాత్రం నిటారుగా, బొటనవేలు పక్కకు విడిగా. రేకు గట్టిపడేలోగా ఇన్ని కోణాలూ కుదరాలి, అరచేతి గుంట చదును కాకూడదు. మణికట్టు పక్కన పొడుచుకొచ్చే ఎముక మీద రేకు ఒరుసుకోకూడదు. కట్టాక అరగంట కూర్చోబెట్టి విప్పి చూస్తుంది. ఎక్కడైనా ఎర్రటి మచ్చ తేలితే మళ్లీ నీళ్లు కాచాల్సిందే.

ఇది డిగ్రీ విద్యార్థికీ వచ్చు. పీజీలో గురువు పక్కన నిలబడి వేసే ప్రశ్నలు వేరు. ఈ కోణమే ఎందుకు? రోజుకు ఎన్ని గంటలు? కట్టిన చేతికీ కట్టని చేతికీ తేడా ఉందని ఎవరు నిరూపించారు? ఎంతమంది మీద? ఆ రేకు ఖరీదు భరించలేని రోగికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేస్తే ఫలితం తగ్గుతుందా? ఈ చివరి ప్రశ్న విదేశీ పుస్తకాల్లో అంతగా కనబడదు. మన వార్డుల్లో రోజూ ఎదురవుతుంది.

థీసిస్ అంటే అట్టలు బిగించి అల్మరాలో పెట్టే లాంఛనం అనుకుంటే పొరపాటు. గ్యారీ కీల్‌హాఫ్నర్ అనే విద్యార్థి 1975లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ థీసిస్‌లో ఒక ఆలోచన నాటాడు. మనిషి ఒక పని చేయడానికీ మానేయడానికీ కండబలం ఒక్కటే కారణం కాదు, ఇష్టం, అలవాటు, సామర్థ్యం, చుట్టూ ఉన్న పరిసరం కలిసి నడిపిస్తాయన్నది దాని సారం. 1980లో అది వ్యాసాలుగా అచ్చయింది. ఇప్పుడు ప్రపంచమంతా ఈ వృత్తిలో పాఠంగా చెప్పే నమూనాల్లో అదొకటి. అదే విశ్వవిద్యాలయంతో ముడిపడిన ఇంకో థెరపిస్టు జీన్ ఐర్స్. శబ్దం, స్పర్శ, శరీరపు ఊపు, వీటిని మెదడు సర్దుకోలేకపోతే పిల్లల చదువూ ఆటా దెబ్బతింటాయని 1972లో పుస్తకం రాసింది. ఇప్పుడు మన ఊళ్లలో పిల్లల థెరపీ కేంద్రాల్లో కనిపించే ఊయలలు, పెద్ద బంతులు, మెత్తటి పరుపుల వెనక ఆమె ఆలోచనే ఉంది.

ముగ్గులో పోయిన సగం

పక్షవాతం తర్వాత మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలవడానికి 1965లో వచ్చిన బార్తెల్ ఇండెక్స్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. పది పనులు, మొత్తం 100 మార్కులు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడటం, మెట్లెక్కడం వగైరా. తేలిగ్గా ఉంటుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ అందులో కింద కూర్చుని లేవడం లేదు. మన ఇంట్లో పీట మీద కూర్చోవాలి, బోరింగు దగ్గర వంగాలి, చాలా ఇళ్లలో మరుగుదొడ్డి దగ్గర గొంతుకు కూర్చోవాలి. ఆ కాగితం మీద నూటికి తొంభై వచ్చిన పెద్దాయన ఇంటికెళ్లి మరుగుదొడ్డిలో కూలబడొచ్చు. చీర కుచ్చిళ్లు పోసుకోవడానికి రెండు చేతులూ ఎంత కలిసి పనిచేయాలో, పంచె గోచీ వెనక దోపుకోవడానికి భుజం ఎంత తిరగాలో ఆ కాగితానికి తెలియదు.

తెలుగు విద్యార్థుల థీసిస్‌లు వెళ్లాల్సిన చోటు ఇదే. మన వంటింటినీ, వాకిలినీ, పొలం గట్టునూ కొలిచే సాధనాలు మన భాషలో తయారు చేయడం. ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి మార్చి, మళ్లీ వేరొకరి చేత ఇంగ్లీషులోకి తిప్పించి, అర్థం చెడలేదని నిర్ధారించుకుని, పదిమంది రోగుల మీద పరీక్షించడం ఒక పద్ధతి. అది అవసరమే. దానికంటే విలువైనది, ముందుగా మన రోగినే అడగడం.

అడిగే పద్ధతి కూడా ఒక సాధనంగా ఉంది. కెనడాలో 1991లో తయారైన ఒక కొలమానంలో రోగికి కష్టమవుతున్న పనులను రోగి చేతే చెప్పిస్తారు. వాటిలో ముఖ్యమైన అయిదింటి దాకా ఎంచుకుని, ఎంత బాగా చేయగలుగుతున్నారో, ఎంత తృప్తిగా ఉందో పదికి ఎన్ని మార్కులో రోగే వేసుకుంటారు. కొన్ని వారాల చికిత్స తర్వాత మళ్లీ వేస్తారు. రెండు మార్కులు పెరిగితే నిజమైన మార్పు వచ్చినట్టు లెక్క.

కాగితం మీద సులభం. వార్డులో ఇలా జరుగుతుంది.

“అమ్మమ్మా, ఇంటికెళ్లాక మొట్టమొదట ఏ పని చేసుకోవాలనుంది?”

“ఆమెకేం పనులమ్మా, అన్నీ మేం చూసుకుంటాం,” అంటుంది పక్కనున్న కోడలు, నిండు ప్రేమతోనే.

“మీరు చూసుకుంటారండీ. అమ్మమ్మ మాట కూడా ఒకసారి విందాం.”

పెద్దావిడ కాసేపు గోడ వైపు చూస్తుంది. “ఏముంది తల్లీ... వాకిట్లో ముగ్గేసుకుంటే చాలు.”

ఆ ఒక్క జవాబుతో నెలరోజుల చికిత్సకు ప్రణాళిక దొరుకుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి చిటికెడు పట్టాలి, పట్టు సడలిస్తూ సన్నటి ధారగా వదలాలి, చెయ్యి ఆగకుండా కదలాలి. చుక్కలు లెక్క తప్పకూడదు. నడుం వంచి ముందుకు జరుగుతూ తూలిపోకూడదు. వేళ్ల పట్టుకు ప్లాస్టిక్ పుల్లలు, గోళీలు ఏరించే వ్యాయామం ఆమెకు విసుగు. పళ్లెంలో బియ్యప్పిండి పోసి చుక్కలు పెట్టమంటే చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది.

మెదడు కుడి భాగంలో దెబ్బ తగిలిన కొందరిలో ఒక విచిత్రమైన లోపం కనిపిస్తుంది. వాళ్లకు ఎడమ పక్క అన్నది లోకంలో ఉన్నట్టే తోచదు. కంటి చూపు బాగానే ఉంటుంది, మెదడు పట్టించుకోదు. కంచంలో కుడి వైపు అన్నం తిని, ఇంకాస్త పెట్టమంటారు. తల సగమే దువ్వుకుంటారు. అలాంటి పెద్దావిడ చేత ముగ్గు వేయిస్తే ఎడమ సగం ఖాళీగా ఉంటుంది, అయిపోయిందనే అంటుంది. అప్పుడు ముగ్గు పలక ఎడమ అంచున ఎర్రటి గీత గీస్తారు. ఆ గీత కనిపించేదాకా తల తిప్పి చూడమంటారు, చుక్కలు అక్కడి నుంచే మొదలుపెట్టమంటారు. రోజులు గడిచే కొద్దీ గీత సన్నబడుతుంది, తర్వాత తీసేస్తారు.

సాక్ష్యం చదవడం పీజీలో నేర్పే మరో ముఖ్య విద్య. పక్షవాతంలో మంచి చేతికి తొడుగు వేసి కట్టేసి, పడిపోయిన చేతి చేతే పనులన్నీ చేయించే పద్ధతి ఒకటుంది. ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి పుట్టింది. 222 మంది రోగులతో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2006లో అచ్చయి, మేలు జరుగుతోందని చూపింది. కానీ అందులో మంచి చెయ్యి మేలుకున్న సమయంలో ఎక్కువ భాగం కట్టే ఉండాలి, రోజుకు ఆరు గంటల దాకా శిక్షణ, రెండు వారాల పాటు. కూలికి వెళ్లే కొడుకు తండ్రిని రోజూ ఆరు గంటలు ఎక్కడ కూర్చోబెడతాడు? మణికట్టూ వేళ్లూ కాస్తయినా వెనక్కి లేవని చేతికి ఈ పద్ధతి పనికొస్తుందా? వ్యాసం చదివి తల ఊపకుండా ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు తయారైతేనే రెండేళ్లకు ఫలితం దక్కినట్టు.

ఎవరి చేతికి చూపిస్తున్నాం?

2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. 2016 చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఆటిజంను, పార్కిన్సన్స్‌ను కూడా చేర్చింది. ఇంత అవసరం ఉన్న దేశంలో ఈ వృత్తికి చాలాకాలం జాతీయ స్థాయి చట్టం లేదు. ఢిల్లీ 1997లోనే తనకంటూ ఒక మండలిని చట్టంతో తెచ్చుకుంది. దేశమంతటికీ కలిపి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. ఆక్యుపేషనల్ థెరపీ అందులో ఉంది. రాష్ట్రాల్లో మండళ్లు, రిజిస్టర్లు పూర్తిగా పనిచేయడం మొదలైతే, ఎవరు థెరపిస్టు, ఎవరు కాదు అన్నది తల్లిదండ్రులకు ఒక చూపులో తెలుస్తుంది.

అది చాలా అవసరం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో పిల్లల థెరపీ కేంద్రాలు వీధి వీధినా వెలుస్తున్నాయి. బాగా చదివినవాళ్లు నడిపేవీ ఉన్నాయి, కొన్ని వారాల సర్టిఫికెట్‌తో తెరిచినవీ ఉన్నాయి. మాట ఆలస్యమైన బిడ్డను తీసుకుని వెళ్లే తల్లి ముందు అడగాల్సింది ఫీజు కాదు, మీరు బీఓటీ ఎక్కడ చేశారమ్మా అని. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చదివినవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసమే పనిచేస్తోంది. ప్రైవేటు కేంద్రం మెట్లెక్కే ముందు ఒకసారి అక్కడ చూపించుకోవచ్చు.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. పీజీ చేసినవాళ్లలో చాలామంది పిల్లల విభాగం వైపే వెళుతున్నారు, ఎందుకంటే తల్లిదండ్రులు అప్పు చేసైనా ఫీజు కడతారు. మానసిక ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన రోగులకు, కుష్ఠు కాలనీల్లో మొద్దుబారిన చేతులకు, జిల్లా ఆస్పత్రుల నుంచి మూడో రోజే ఇంటికి పంపేసే పక్షవాతం రోగులకు ఆ ఆకర్షణ లేదు. ఈ విద్య పుట్టిందే మానసిక రోగుల కోసమైతే, వాళ్లకే ఇది అందకుండా పోతోంది. జిల్లా ఆస్పత్రుల్లో పోస్టులు మంజూరు చేయనిదే ఈ మొగ్గు మారదు.

గడప దగ్గర

సమాజ ఆధారిత పునరావాసం ఎంచుకున్న విద్యార్థి సంచిలో టేపు తప్పకుండా ఉంటుంది. రోగిని ఇంటికి పంపే ముందు ఆ ఇల్లు చూసి రావాలి. గది తలుపు వెడల్పెంత, మంచం ఎత్తెంత, నీళ్ల బిందె ఎక్కడుంది, రాత్రి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో దీపం ఉందా, వరసగా రాసుకుంటాడు. చక్రాల కుర్చీలో ఇంటికి చేరే మనిషికి పుస్తకంలో మొదటి సలహా, అడ్డొచ్చే గడపలు తొలగించమని. తెలుగింటి గడప దగ్గర ఆ సలహా పనికిరాదు. పసుపు రాసి, బొట్లు పెట్టి, శుక్రవారం శుక్రవారం పూజించే చెక్క అది. దాన్ని కోసేయమంటే ఆ ఇంటి పెద్ద కోలుకున్నా లోపల మనసు కోలుకోదు.

అందుకని విద్యార్థి గడప ఎత్తు కొలుస్తాడు. నాలుగు అంగుళాలు. వాలుకు అంగీకరించిన లెక్క ఒకటికి పన్నెండు, అంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. లోపలి వైపు నాలుగడుగుల జాగా ఉందిగానీ బయటి వైపు అరుగు మూడడుగులే. ఊరి వడ్రంగిని పిలిపిస్తాడు. బయటి పలకను అరుగు దాటించి వాకిట్లోకి దించితే ఎత్తు పెరుగుతుంది, అప్పుడు పొడవు మళ్లీ లెక్కవేయాలి. ఇద్దరూ వాకిట్లో గొంతుకు కూర్చుని సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తారు. కీలు పెట్టి మడిచేలా చేస్తే శుక్రవారం నాడు తీసి పక్కన పెట్టుకోవచ్చు కదా బాబూ, అంటాడు వడ్రంగి. విద్యార్థి ఆ మాటను నోటుబుక్కులో రాసుకుంటాడు.